మంత్రిగారి దీక్షకు నేనిచ్చిన నిమ్మరసం

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనినైనా ముందుగా ముక్కలుగా విడగొట్టి, వరుస పెట్టి, స్కేలుతో బొమ్మ గీసుకుంటే ఇక అది తప్పిపోయే వీలే లేదని. మెకానికల్ ఇంజనీరింగు చదివిన కుర్రవాడికి ఆ మాత్రం నమ్మకం ఉండటం తప్పేమీ కాదు గాని, దాన్ని వెంటేసుకుని బస్సు డిపోలో ఉద్యోగానికి వెళ్లడం మాత్రం సాహసమే. మాది పాలమూరు వైపు ఆత్మకూరు. ఉద్యోగమేమో నల్లగొండ జిల్లాలో ఒక డిపో గ్యారేజీలో (ఏ ఊరో చెప్పను, అక్కడ నాకు ఇప్పటికీ పిలిచి చాయ్ పోసేవాళ్లున్నారు). చేరిన వారానికే అక్కడి మెకానిక్కులు నా జబ్బు కనిపెట్టేశారు. టైరు మార్చాలన్నా, నట్టు బిగించాలన్నా ఒకరినొకరు చూసుకుని, "ఆగుర్రి, సారు ఇంక బొమ్మ గియ్యలే" అనేవాళ్లు. నేను అది గౌరవమే అనుకునేవాణ్ని.

మా డిపోకు ఒక పెద్ద గర్వం ఉండేది. అప్పటి రాష్ట్ర మంత్రుల్లో ఒకాయన మా గ్యారేజీ గుంతలోంచి పైకి వచ్చినవాడు. గుంత అంటే, బస్సు కింద నిలబడి పని చేయడానికి నేలలో తవ్వి గోడలు కట్టిన సందు. అందులో మెకానిక్కుగా మొదలుపెట్టి, ఒకనాడు ఎవరినో అన్యాయంగా సస్పెండు చేశారని పానా కింద పడేసి బయటికొచ్చి, ఖాళీ ఆయిలు డ్రమ్ము మీద నిలబడి మాట్లాడాడట. ఆ డ్రమ్ము దిగేసరికి యూనియన్ సెక్రటరీ అయ్యాడు. అప్పటినుంచి డిపో గేటు దగ్గర మీటింగులు, బదిలీలు, మళ్లీ మీటింగులు, తెలంగాణ కోసం సమ్మెలు, ఆ సమ్మెల వల్ల వచ్చిన పేరు, ఆ పేరు వల్ల వచ్చిన టికెట్టు, ఎమ్మెల్యే, చివరకు మా శాఖకే మంత్రి. (ఇప్పుడు మంత్రి కాదు. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి, ఎవరింట్లో లగ్గమైనా ముందు వరుసలో కూర్చుని, నాలుగో వరుసలో ఉన్నవాళ్ల కష్టాలు అడుగుతున్నాడని వింటున్నాను.) మంత్రి అయినా మా వాళ్లకు ఆయన 'సెక్రటరీ అన్నే'. ఆయన పెట్టిన నియమాలు డిపోలో సర్వీసు రూల్సు కన్నా గట్టిగా నడిచేవి. వాటిలో అన్నిటికన్నా పెద్దది దండ నియమం. నిరాహార దీక్షలో కూర్చున్నవాడి మెడలో పొద్దున దండ వేస్తారు. దండ పడ్డాక, యాజమాన్యం తరఫున ఎవరో ఒకరు వచ్చి, హామీ ఇచ్చి, నిమ్మరసం తాగించేదాకా లేవకూడదు. ఒకసారి మధ్యలో ఫోనొచ్చిందని లేచిన కోశాధికారిని అన్న అక్కడికక్కడే పదవిలోంచి తీసేశాడని చెప్పుకునేవాళ్లు.

అలాంటి మంత్రిగారు మా డిపోకు వస్తున్నారు. ఎందుకంటే, బస్సులు కడిగే యంత్రం ప్రారంభించడానికి. బస్సు అందులోకి పోతే నాలుగు పక్కల నుంచి బ్రష్షులు తిరిగి, నీళ్లు చిమ్మి, అవతలికి మెరుస్తూ వస్తుంది. దాన్ని బిగించింది నేనే కాబట్టి ఏర్పాట్లన్నీ నా నెత్తినే పెట్టాడు మా డిపో మేనేజరు. ఆయన్ను అందరూ పెద్దసారు అనేవాళ్లు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. దేనికీ సంతకం పెట్టకుండా మిగిలిన సర్వీసు గడిపేయాలన్నది ఆయన ఏకైక ఆశయం.

అయితే అప్పటికే మా గేటు ముందు ఒక టెంటు ఉంది. ఆడ కండక్టర్లు డ్యూటీ లేని రోజుల్లో వంతులు వేసుకుని అందులో దీక్షకు కూర్చుంటున్నారు. వాళ్లడిగేది ఒకటే: డిపోలో ఆడవాళ్లకొక గది, దానికొక బాత్రూము. తెల్లవారకముందే డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం ఎప్పుడో దిగే మనుషులకు మా డిపోలో ఆ ఏర్పాటు లేదు. వాళ్లకు పెద్దదిక్కుగా కేతేపల్లి వైపు పోయే మొదటి బస్సు కండక్టరు ఉండేది. అందరూ ఫస్ట్ బస్ అక్క అనేవాళ్లు. దారిలో బాత్రూముకు పోవాల్సి వస్తుందని డ్యూటీలో నీళ్లు తాగడమే మానేసింది. దాంతో కిడ్నీలో రాళ్లు పడి, దవాఖాన చుట్టూ తిరుగుతూ కూడా డ్యూటీ చేస్తుండేది. డాక్టరు నీళ్లు తాగమంటాడు. తాగితే ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పడు. నేను కడిగే యంత్రానికి నీళ్ల పైపు వేయిస్తుంటే ఒకరోజు వచ్చి నిలబడి చూసింది.

"ఏం సారూ, గీ బస్సుకు తానం జేయించెతందుకు ఎన్ని నీళ్లు పడతయి?"

నేను ఎంతో ఉత్సాహంగా లీటర్ల లెక్క చెప్పాను, ప్రెషరు ఎంతో కూడా చెప్పాను.

"అట్లనా," అంది అక్క. "బస్సు నసీబే నసీబు."

నాకు ఆ మాట అర్థం కావడానికి సాయంత్రం దాకా పట్టింది.

ఇక ఏర్పాట్లకు వస్తే, నా వరుసలో అన్నీ సరిపోయాయి, షామియానా తప్ప. మా ఊళ్లో టెంట్ హౌజ్ ఒక్కటే. దాని యజమానిని మేము టెంట్ భాయ్ అనేవాళ్లం. నేను వెళ్లి అడిగితే ఆయన నవ్వి, కుర్చీ జరిపి, చాయ్ తెప్పించి, అప్పుడు చెప్పాడు.

"గా దినం మంచి లగ్గాలున్నయి సార్. నాయి టెంట్లన్ని పోయినయి. చుట్టుపక్కల ఊర్లల్ల గూడ లేవు. ఉన్నది ఒక్కటే పెద్దది."

"అదే ఇవ్వండి భాయ్."

"ఇచ్చినగదా. మీ గేటు కాడనే ఉన్నది. ఆడోళ్లు కూసున్నరు అండ్ల."

"అయితే ఒక పూట తీసి మావైపు వేయండి."

"తోబ తోబ! దీక్షల ఉన్న ఆడోళ్ల నెత్తి మీదికెల్లి టెంటు పీకితె నాకు మా ఇంట్ల బువ్వ వెడ్తరా? ఫికర్ జేయకుర్రి సార్. టెంటు పెద్దదే. సగం సగం జేసుకోర్రి."

ఆ 'సగం సగం' అన్నది నా బుర్రలో దీపంలా వెలిగింది. రాత్రంతా కూర్చుని బొమ్మ గీశాను. టెంటుకు అడ్డంగా ఒక పరదా. లోపలివైపు సగం మాది: వేదిక, సోఫాలు, ఎర్ర తివాచీ. రోడ్డువైపు సగం వాళ్లది: జంపఖానాలు, బ్యానరు. మంత్రిగారి కారు వెనక ఆఫీసర్ల గేటు నుంచి వచ్చి నేరుగా వేదిక పక్కన ఆగుతుంది. ఆయన పరదా ఇవతల దిగి, మాట్లాడి, యంత్రం మీట నొక్కి, అటునుంచి అటే పోతాడు. పరదా అవతల దీక్ష ఉన్నట్టు ఆయనకు తెలియదు, ఇవతల మంత్రి ఉన్నట్టు వాళ్లకు కనపడదు. బాణం గుర్తులు కూడా వేశాను. పెద్దసారు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గని, దీని మీద నా సంతకం అవసరం లేదు గదా?" అన్నాడు.

ఫస్ట్ బస్ అక్క దగ్గరికి వెళ్లి బతిమాలితే, ఆమె పరదాకు ఒప్పుకుంది. "మేమైతే లెవ్వం సారూ. లొల్లి గూడ జెయ్యం. మా సగంల మేముంటం. మీ సగంలకు మీరు పిలుసుకోర్రి," అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. బొమ్మ అంత బాగా వచ్చింది మరి.

ఆ రోజు వచ్చింది. నేను ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, వేదిక పక్కన, వెనక గేటు వైపు తిరిగి, పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. పెద్దసారు నా వెనక నిలబడ్డాడు. చుట్టూ కొబ్బరికాయలు, యంత్రం ముందు తొక్కించడానికి నిమ్మకాయలు, సోఫా ముందు బల్ల మీద గ్లాసులు. అన్నీ ఉన్నాయి. కారు శబ్దం కూడా వినిపించింది. కాని అది నా వీపు వైపు నుంచి వినిపించింది.

నేను బొమ్మలో వేయని విషయం ఒకటే. సెక్రటరీ అన్న తన సర్వీసులో ఏనాడూ ఆఫీసర్ల గేటులోంచి డిపోలోకి రాలేదు. మంత్రి అయినంత మాత్రాన కాళ్లకు ఆ సంగతి తెలియదు కదా. డ్రైవరు వెనక గేటుకు తిప్పబోతుంటే ఆపించి, కార్మికుల గేటు దగ్గర దిగిపోయాడట. దిగగానే ఎదురుగా ఏముంది? టెంటు, జంపఖానా, బ్యానరు, దానికింద కూర్చున్న ఆడవాళ్లు. ముప్పై ఏళ్లుగా ఆయన ఏ ఊరికి వెళ్లినా కారు దిగి నడిచింది అలాంటి టెంటులోకే. చెప్పులు టెంటు బయట వదిలేశాడు. లోపలికి పోయి, "జర జరుగుర్రమ్మా," అని వాళ్ల మధ్య బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఏమాయె? ఎన్నొద్దులాయె కూసుని?" అని అడగడం మొదలుపెట్టాడు.

నేను పరదా పక్కకు జరిపి చూసేసరికి ఇదీ దృశ్యం. మంత్రిగారి పీఏ బయట నిలబడి, లోపలికి రావాలంటే బూట్లు విప్పాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నాడు. అప్పుడే ఫస్ట్ బస్ అక్క ఆ రోజు కూర్చునేవాళ్ల కోసం తెచ్చిన బంతిపూల దండల్లోంచి ఒక్కొక్కటే తీసి, వరుసగా అందరికీ వేస్తూ వచ్చి, మంత్రిగారి మెడలో కూడా వేసేసింది. అలవాటు కొద్దీ వేసిందో, అన్నీ ఆలోచించే వేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే, "దండ ఉన్నది, మెడ ఉన్నది, ఏసిన," అంటుంది.

కాసేపు వాళ్ల మాటలు విని, మంత్రిగారు, "సరే అమ్మా, నేను జూస్త," అని లేవబోయాడు.

"అన్నా," అంది అక్క మెల్లగా. "దండ పడ్డది."

ఆయన సగం లేచి ఆగిపోయాడు. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద. దండ వైపు చూసుకున్నాడు. టెంటు బయట గ్యారేజీ వాళ్లంతా పని వదిలేసి వచ్చి నిలబడ్డారు. మంత్రిగారు మెల్లగా, చాలాసేపు పట్టిందని నాకు అనిపించేంత మెల్లగా, మళ్లీ కూర్చున్నాడు.

పీఏ బూట్లతోనే లోపలికి వచ్చేశాడు. "సార్, లేవండి సార్, పత్రికల వాళ్లు ఫొటోలు తీస్తున్నారు. మంత్రి సొంత ప్రభుత్వం మీద దీక్షకు కూర్చున్నారని రాస్తారు!"

"నిమ్మరసం లేంది ఎట్ల లేస్తనయ్యా? ఎవరో ఒకర్ని పిలువు. యాజమాన్యం నుంచి ఎవరున్నరీడ?"

పీఏ పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు నా వైపు చూశాడు. నేను నా వెనక చూశాను. అక్కడ సోఫాలు తప్ప ఎవరూ లేరు.

"నువ్వే పో," అన్నాడు పెద్దసారు నా చెవిలో. "నేను పోతే అది ఆఫీషియల్ అయితది."

నిమ్మకాయలు ఎక్కడివి? యంత్రం ముందు దిష్టికి పెట్టినవే. మెకానిక్కు ఒకాయన వాటిని తెచ్చి, తన స్క్రూడ్రైవరుతోనే పొడిచి పిండాడు (శుభ్రంగా తుడిచాడు, నేను చూశాను). గ్లాసు వేదిక మీద మంత్రిగారి కోసం పెట్టినదే. అలా మంత్రిగారి గ్లాసులో యంత్రం నిమ్మకాయల రసం పట్టుకుని, బూట్లు విప్పి, ఒక మేజోడుకు చిల్లు ఉందని అప్పుడే గమనించి, ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని గ్లాసు చాపాను. ఆయన తాగలేదు.

"ఎవరి తరఫున ఇస్తున్నవు తమ్మీ?"

"ప్రభుత్వం తరఫున సార్."

"మంచిది. హామీ ఏంది?"

"మీరేం ఇమ్మంటే అది సార్."

"నన్నడుగుతవేంది? నేను దీక్షల ఉన్న. సర్కారోనివి నువ్వు. నువ్వు జెప్పాలె."

నేను ఆఫీసు ఫైళ్లలో చదివిన మాటల్లో అన్నిటికన్నా భద్రమైనది వెతికి పట్టుకున్నాను. "గది విషయం... పరిశీలిస్తాం సార్."

అంతే. ఆయన ముఖం మారిపోయింది. నటన కాదు, నిజంగానే కోపం వచ్చింది. ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇన్నరా అమ్మా? పరిశీలిస్తరట! నా నెత్తి మీద ఎంటికలు నల్లగున్నప్పటి సంది ఇదే మాట. పరిశీలనకు నిమ్మరసం తాగుతమా?"

"తాగం!" అంది టెంటంతా.

బయట గ్యారేజీ వాళ్లలో ఎవరో "దిగిరావాలె" అని మొదలుపెట్టారు. "ప్రభుత్వం దిగిరావాలె!" అని బదులిచ్చిన గొంతుల్లో అన్నిటికన్నా పెద్దది మంత్రిగారిది. పిడికిలి కూడా పైకి లేచింది. పీఏ ఒక కెమెరాకు తన చెయ్యి, ఇంకో కెమెరాకు తన డైరీ అడ్డం పెట్టాడు. మూడో కెమెరాకు ఏమీ మిగల్లేదు.

"కట్టిస్తాం సార్!" అని అరిచాను నేను, గ్లాసు ఒలకకుండా.

"మంత్రి ఒప్పుకుంటడా?"

ఈ ప్రశ్నకు ఏ పాఠ్యపుస్తకంలోనూ జవాబు లేదు. "ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను సార్."

"అనుకుంటె గాదు. గా మంత్రి సంగతి నాకెరుక. నీ ముంగట అన్నిటికి ఊ అంటడు. కారెక్కంగనే మర్శిపోతడు. ఎంటబడతవా?"

"పడతాను సార్."

"పేషీ కాడ కూసుంటవా? ఇయ్యాల రేపు అంటె కదలకుంట కూసుంటవా?"

"కూర్చుంటాను సార్."

"అన్నా," అని అక్క కల్పించుకుంది. "గదొక్కటే అంటె సరిపోదు. తలుపుకు లోపట గొళ్లెం ఉండాలె. బస్టాండ్ల దానికి లేదు. ఒకలు లోపటికి పోతె ఒకలు బయట తలుపు గుంజి పట్టుకోవాలె. మొదటి బస్సుకు నేనొక్కదాన్నే ఉంట. నాకెవలు పట్టుకుంటరు?"

మంత్రిగారు తన దండలోని ఒక పువ్వును తుంచాడు. తర్వాత నా వైపు తిరిగి, చాలా తగ్గిన గొంతుతో, "గొళ్లెం," అన్నాడు.

"ఇత్తడిది పెట్టిస్తాను సార్," అన్నాను. ఎందుకో ఆ క్షణంలో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చివరికి నాకు తెలిసిన విషయం ఒకటి దొరికింది. "ఇనుపదైతే తడికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. మరలు కూడా పొడుగువి వేయిస్తాను. తలుపు కింద అంచుకు రేకు కొట్టిస్తాను."

"గిదీ హామీ అంటె," అని గ్లాసు తీసుకుని గటగటా తాగేశాడు. చప్పట్లు మోగాయి. అక్క దండ తీసింది. ఆయన లేచి, కండువా సర్దుకుని, నేను ఎత్తి పట్టుకున్న పరదా కింద నుంచి ఇవతలి సగంలోకి వచ్చి, మంత్రి అయిపోయాడు. వేదికెక్కి, గొంతు సవరించుకుని, "ఇప్పుడే అవతల ఒక నాయకుడు దీక్షల కూసున్నడు. చానా మొండోడు. వాని మాట తీసేయలేక గదికి ఒప్పుకుంటున్న," అన్నాడు. తర్వాత యంత్రం మీట నొక్కాడు. బస్సు బ్రహ్మాండంగా తడిసింది.

మరునాడు పేపర్లలో నా ఫొటో వచ్చింది. 'మంత్రి దీక్షను విరమింపజేసిన అధికారి' అని. మా అమ్మ ఆత్మకూరులో నలుగురికీ చూపించింది. (మేజోడు చిల్లు కూడా స్పష్టంగా పడింది.) ఆ మరునాడు పై ఆఫీసు నుంచి, ఏ అధికారంతో హామీ ఇచ్చారో చెప్పమని నాకు మెమో వచ్చింది. పెద్దసారు నా భుజం తట్టి, "చూసినవా, నేను జెప్పలే?" అన్నాడు. ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు.

నేను నిజంగానే మంత్రిగారి పేషీ దగ్గర కూర్చున్నాను. సెలవు పెట్టుకుని, హైదరాబాదు బస్సెక్కి, ఎస్టిమేటు చంకలో పెట్టుకుని వెళ్లేవాణ్ని. పీఏ నన్ను చూడగానే గోడ గడియారం వైపు చూసేవాడు. మధ్యమధ్య మంత్రిగారే నాకు ఫోన్ చేసేవాడు. "ఏం తమ్మీ, మాటిచ్చినవు, గది యాడికొచ్చింది? మల్ల టెంటు ఎయ్యమంటవా?" అని. "ఫైలు మీ బల్ల మీదే ఉంది సార్," అంటే, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించేది. "అట్లనా? సూడు మరి, నేను జెప్పలే, గా మంత్రి గసోంటోడేనని," అనేవాడు. అలాంటి ఆఖరి ఫోను వచ్చిన నాలుగో రోజున సంతకం వచ్చింది. మెమో సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. ఆ అధికారం ఎవరిదో విచారిస్తే ఎక్కడ తేలుతుందో పై ఆఫీసుకు కూడా అర్థమై ఉంటుంది.

గది లేచింది. రంగులేశాం. మంత్రిగారు తానే వచ్చి ప్రారంభిస్తానన్నాడు. ఈసారి నేను బొమ్మ గీయలేదు (గీశాను గాని చిన్నది). తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టించి, పళ్లెంలో కత్తెర పెట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. మంత్రిగారు కార్మికుల గేటులోంచే వచ్చి, కత్తెర తీసుకుని, రిబ్బను మీద పెట్టబోయి ఆగాడు. తలుపు లోపలి నుంచి వేసి ఉంది.

"ఎవరక్కడ?" అని తలుపు కొట్టబోయాను. మంత్రిగారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొట్టకు తమ్మీ. రానీ."

అలా నిలబడ్డాం. మంత్రిగారు కత్తెరతో, నేను పళ్లెంతో, పెద్దసారు దూరంగా, కెమెరాల వాళ్లు ఏది తీయాలో తెలియక. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, మళ్లీ కట్టేసిన చప్పుడు. చివరికి తలుపు తెరుచుకుంది. ఫస్ట్ బస్ అక్క, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, మమ్మల్నందరినీ ఒకసారి చూసింది. ఏమాత్రం కంగారు పడకుండా రిబ్బను కింద నుంచి వంగి బయటికొచ్చింది.

"వచ్చినవా అన్నా? మంచిగున్నది. రెండో ట్రిప్పు టైమయింది, నేను వోతున్న," అని టికెట్ల మిషను భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

మంత్రిగారు రిబ్బను వైపు చూశాడు. కత్తెరను తిరిగి నా పళ్లెంలో పెట్టేశాడు. "అయిపోయింది గదా తమ్మీ," అన్నాడు, "ఇంకేం జేస్తం?"

ఇప్పుడు నా కింద పదిమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారు. ప్రారంభోత్సవాలకు వాళ్లే బొమ్మలు గీస్తారు, బాణం గుర్తులతో సహా. వాటి మీద నేను సంతకం పెడుతుంటే, రిబ్బను ముందు పళ్లెం పట్టుకుని, 'మరి కార్యక్రమం ప్రకారం కత్తిరించాలి కదా సార్' అని నిజాయితీగా అడిగిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. అవును, అడిగాను. ఆయన నవ్వి, రిబ్బను పైకెత్తి పట్టుకుని, "నువ్వు గూడ పోయి మొకం కడుక్కో, పో," అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. అది ఆడవాళ్ల గది కాబట్టి పోలేదు గాని, లేకపోతే ఆ ఎండకు నిజంగా పోవాల్సిందే.